నేను తెలుగులో చెప్పకుండా విడిచిపెట్టిన మాట

పోయిన వేసవి సెలవుల్లో రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో ముగ్గురం టీవీ ముందు కూర్చునేవాళ్లం. మూడో తరగతి అయిపోయిన మా పాప, డెబ్బై దాటిన మా మామ, నేను. తెర మీద బొమ్మలు ఇంగ్లీషులో మాట్లాడేవి. నేను వాళ్లిద్దరికీ వెంట వెంటనే తెలుగులో చెప్పేదాన్ని. అలా 61 ఎపిసోడ్లు చూశాం.

మాది అనంతపురం. నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్తాను. మా ఆయన ఉద్యోగం బెంగళూరులో. శనివారం రాత్రి వచ్చి ఆదివారం సాయంత్రం రైలెక్కుతారు. మే నెల ఎండకి పాపని పగలు బయటికి పంపేది లేదు. సాయంత్రమైతే ఫోన్ పట్టుకుని ఒక మూల కూర్చునేది. ఆ ఫోన్ లాక్కోవాలంటే బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి కదా. మా స్కూల్లో లెక్కల మేడమ్ చెప్తే ఈ సీరియల్ మొదలుపెట్టాను.

దాని పేరు 'అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్'. నీలం రంగు మనుషులుండే సినిమా వేరు, ఇది వేరు. అమెరికాలో నికలోడియన్ ఛానల్లో 2005 నుంచి 2008 దాకా వచ్చింది. మైకేల్ డాంటే డిమార్టినో, బ్రయన్ కొనియట్స్కో అనే ఇద్దరు దీన్ని తయారుచేశారు. నీరు, భూమి, నిప్పు అని మూడు భాగాలు. ఒక్కో ఎపిసోడ్ అరగంట కూడా ఉండదు.

కథ ఇదీ. ప్రపంచంలో నాలుగు జాతులు. ఒక్కో జాతిలో కొందరికి నీళ్లనో, మట్టినో, నిప్పునో, గాలినో చేతులతో ఆడించే విద్య ఉంటుంది. నాలుగూ వచ్చినవాడు ఒక్కడే, వాడు అవతార్. అగ్ని రాజ్యం మిగతావాళ్ల మీద యుద్ధం మొదలుపెట్టే సమయానికి ఆ అవతార్ కనపడకుండా పోతాడు. నూరేళ్ల తర్వాత దక్షిణ ధ్రువంలో సోకా, కటారా అనే అన్నాచెల్లెళ్లకి మంచుగడ్డలో దొరుకుతాడు. పేరు ఆంగ్. పన్నెండేళ్ల పిల్లోడు.

మొదటి రాత్రే నాకు చిక్కొచ్చి పడింది. 'బెండింగ్'ని తెలుగులో ఏమనాలి? 'నీళ్లను వంచుతాది' అంటే పాప అర్థంకాక నా మొహం చూసింది. మామ అందుకున్నారు. "దుర్యోధనుడు మడుగులో దాక్కున్నప్పుడు చేసిందేమి? జలస్తంభన విద్య. అట్లాంటిదే ఇది" అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో నీళ్ల విద్య, మట్టి విద్య, నిప్పు విద్య, గాలి విద్య. నేను ఎంత ఆలోచించినా దొరకని మాట ఆయన నోట్లో సిద్ధంగా ఉంది.

పాప ఇంకో ప్రశ్న వేసింది. "పంచభూతాలు ఐదు కదా, ఆకాశం ఏమాయె?" దానికి నా దగ్గర జవాబు లేదు. అవతార్ అంటే విష్ణుమూర్తి లాగానా అని కూడా అడిగింది. మామ చాలాసేపు ఆలోచించి, "ఆయన కావాలని దిగొస్తాడు. ఈ పిల్లోన్ని ఎవరూ అడగలేదు, వాడు పుట్టేసినాడు అంతే" అన్నారు. ఆంగ్ గురించి నేను చదివిన వాటన్నిటికంటే ఈ మాటే నాకు నిజంగా అనిపిస్తుంది. తాను అవతార్ అని తెలిసి భయపడి పారిపోయిన పిల్లోడే వాడు.

మూడో ఎపిసోడ్‌లో నేను మొదటిసారి తప్పు చేశాను. ఆంగ్ తను పెరిగిన కొండమీది ఆలయానికి పోతాడు. నూరేళ్లు గడిచాయని వాడికి ఇంకా మనసుకెక్కలేదు. తనని పెంచిన గురువు గ్యాట్సో కోసం వెతుక్కుంటూ పోతే అస్థిపంజరం కనిపిస్తుంది. మెడలో గురువు వేసుకునే పతకం. చుట్టూ అగ్ని రాజ్యం సైనికుల ఎముకలు, ఇనుప టోపీలు. ఆ ఆలయాల్లో ఉన్నవాళ్లందరినీ చంపేశారు. మిగిలింది ఆంగ్ ఒక్కడే.

నేను ఏం చెప్పానంటే, "ఆ తాత ముసలివాడైపోయి చనిపోయినాడు పాపా." "మరి ఈ టోపీలు ఎవరివి?" అంది. "ఎవరో వచ్చినారు, మర్చిపోయి పోయినారు" అన్నాను. మామ నా వైపు ఒకసారి చూసి మళ్లీ టీవీ వైపు తిరిగారు. ఆయనకి ఇంగ్లీషు రాదు గానీ ఎముకలు చూస్తే తెలుస్తుంది కదా.

నాకు అప్పుడు తప్పుగా అనిపించలేదు. ఎనిమిదేళ్ల పిల్లకి రాత్రి పడుకునే ముందు అంత మాట ఎందుకు అనుకున్నాను. చేతిలో తెలుగు ఉంది కాబట్టి ఎక్కడ మెత్తగా చేయాలో అక్కడ చేయొచ్చు అనుకున్నాను.

పదకొండో ఎపిసోడ్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఈ సీరియల్ ఇష్టపడేవాళ్లలో చాలామంది అన్నిటికంటే బలహీనమైనది ఇదే అంటారు. మా ఇంట్లో మాత్రం దీని గురించే నాలుగు రోజులు మాట్లాడుకున్నాం. రెండు తెగలు. ఒకరు శుభ్రంగా ఉంటారు, ఇంకొకరు మోటుగా ఉంటారు. నూరేళ్లుగా పగ. ఒకప్పుడు ఒకడు పవిత్రమైన గోళం తీసుకుని పోతుంటే ఇంకొకడు కొట్టి లాక్కున్నాడని ఒక వర్గం చెప్తుంది. పడిపోయిన మనిషికి సాయపడబోతే దొంగ అని జైల్లో వేశారని రెండో వర్గం చెప్తుంది. ఇద్దరినీ ఒకే లోయలోంచి దాటించాల్సిన పని ఆంగ్ మీద పడింది. చివరికి కత్తులు దూసుకుంటారు. అప్పుడు ఆంగ్ అంటాడు: నూరేళ్ల కిందట ఆ ఇద్దరినీ నేను చూశాను, వాళ్లు ఎనిమిదేళ్ల కవలలు, అది బంతాట, గోళం అంటున్నది బంతే. అందరూ చల్లబడతారు. తర్వాత స్నేహితులతో, అదంతా నేను కల్పించి చెప్పాను అంటాడు.

మామది తాడిపత్రి వైపు పల్లె. ఆయన చిన్నప్పుడు ఊళ్లో రెండు వర్గాలు. ఒక వీధివాళ్లు ఇంకో వీధిలోంచి నడిచేవాళ్లు కారట. ఆయన చినాయన ఒకాయన చేను కాడికి పోయి తిరిగి రాలేదు. ఆ సంగతి మా ఆయన కూడా నాకెప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి టీవీ ఆపేశాక, శెనక్కాయలు వలుచుకుంటూ మామే చెప్పారు. "యాన్నుంచి మొదలాయెనో ఎవురికీ తెలీదమ్మా. ఒకరు ఎద్దు అంటారు, ఒకరు గట్టు అంటారు. ఆ పిల్లోడు చెప్పిన అబద్ధం మా ఊర్లో ఎవడైనా వచ్చి చెప్పింటే ఎంత బాగుండు" అన్నారు. ఆ మాట నాకు ధైర్యం ఇచ్చింది. నేను కూడా అలాంటి మంచి అబద్ధమే చెప్తున్నాను అనుకున్నాను.

ఆ మరుసటి ఎపిసోడ్‌లోనే మళ్లీ చేశాను. అగ్ని రాజ్యం యువరాజు జూకో మొహం మీద, ఎడమ కంటి చుట్టూ పెద్ద కాలిన మచ్చ ఉంటుంది. అది ఎలా వచ్చిందో ఆ ఎపిసోడ్‌లో తెలుస్తుంది. పదమూడేళ్ల కొడుకు సభలో ఎదురుమాట్లాడాడని తండ్రే నిప్పుతో కాల్చి, దేశం నుంచి వెళ్లగొడతాడు. ఆ ద్వంద్వ యుద్ధాన్ని వాళ్లు 'అగ్ని కాయ్' అంటారు. అగ్ని అనే మాట వినగానే మామ తలెత్తారు. పాప అడిగింది, ఎవరు కాల్చినారని. "యుద్ధంలో కాలింది" అన్నాను. నాన్న వారానికి ఒక్కరోజు కనిపించే పిల్లకి నాన్నే కాల్చాడని చెప్పడానికి నోరు రాలేదు.

రెండో భాగం మొదట్లో చిత్తడి నేల ఎపిసోడ్ ఒకటి వస్తుంది. ఆ అడవంతా నిజానికి ఒకటే చెట్టు అనీ, కొమ్మలు దిగి వేళ్లూనుకుని మళ్లీ కొమ్మలై మైళ్ల దూరం పాకిందనీ అక్కడి మనిషి చెప్తాడు. పాప లేచి నిలబడి "తిమ్మమ్మ మర్రిమాను!" అని అరిచింది. కదిరి అవతల ఉన్న ఆ మర్రిచెట్టుకి అంతకుముందు ఏడే పోయొచ్చాం. దాదాపు 5 ఎకరాల చెట్టు, గిన్నిస్ పుస్తకంలో ఎక్కింది. ఆ ఊడల మధ్య నిలబడితే ఏది మొదలో ఏది కొమ్మో తెలియదు. దాన్ని చూసిన పిల్లకి ఆ ఎపిసోడ్‌లో ఒక్క ముక్క కూడా తెలుగు చేయాల్సిన పని పడలేదు.

తర్వాత ఎడారి వస్తుంది, అక్కడ ఆప్పాని దొంగిలిస్తారు. ఆప్పా అంటే ఆంగ్‌ది, ఆరు కాళ్లతో ఎగిరే దున్న లాంటి జంతువు. పాపకి దాని మీద ప్రాణం. అది దొరికే దాకా ప్రతి రాత్రి మొదట అదే ప్రశ్న, "ఈరోజన్నా వస్తాదా?" ఆప్పా ఒంటరిగా తిరిగిన రోజులన్నీ చూపించే ఎపిసోడ్ ఒకటుంది. దాన్ని సర్కస్‌లో కట్టేసి నిప్పుతో బెదిరిస్తారు. పాప దిండు కరుచుకుని చూసింది గానీ ఆపమనలేదు. నేనే రెండుసార్లు ఆపి అడిగాను. "ఆపితే అది ఆడ్నే ఉండిపోతాది కదమ్మా" అంది.

దానికి ముందు వచ్చే బా సింగ్ సే నగరం కథల్లో ఒకటి జూకో పెదనాన్న ఐరోది. ఆయన ఊరంతా తిరుగుతూ ఏడుస్తున్న పిల్లాడికి పాట పాడతాడు, తనని దోచుకోబోయినవాడికి టీ ఇచ్చి మంచి మాటలు చెప్తాడు. సాయంత్రం గుట్ట మీద చెట్టు కింద, యుద్ధంలో పోయిన కొడుకు పటం పెట్టి పుట్టినరోజు చేస్తాడు. అదే పాట మళ్లీ ఏడుస్తూ పాడతాడు. ఐరోకి గొంతు ఇచ్చిన నటుడు మాకో 2006లో చనిపోయారు, ఆ కథని ఆయనకే అంకితం చేశారు. నేను ఆ కాసేపూ ఏమీ చెప్పలేదు. చెప్పమని వాళ్లూ అడగలేదు. మామ కండువాతో కళ్లు తుడుచుకుని మంచినీళ్లు తాగడానికి లేచారు.

ఇక రెండో భాగం పదిహేడో ఎపిసోడ్. జెట్ అనే కుర్రాడుంటాడు. మొదట చెడ్డపని చేసి, తర్వాత మారి, చివరికి వీళ్లకి సాయం చేయబోయి చెరువు కిందున్న రహస్య స్థావరంలో దెబ్బతిని పడిపోతాడు. కటారా తన నీళ్ల విద్యతో బాగుచేయాలని చూస్తుంది. వల్లకాదు. వాళ్లు ఆప్పాని వెతకడానికి పోవాలి. నా గురించి బాధపడొద్దు, నేను బాగయిపోతాను అంటాడు జెట్. ఇక్కడ టాఫ్ గురించి చెప్పాలి. టాఫ్ చూపులేని అమ్మాయి, మట్టి విద్యలో మేటి. కాళ్ల కింద నేల అదురుని బట్టి ఎదుటివాళ్ల గుండె ఎలా కొట్టుకుంటోందో కనిపెడుతుంది. అందుకని ఎవరు అబద్ధం చెప్పినా తెలిసిపోతుంది. జెట్ ఆ మాట అన్నాక, అక్కడినుంచి పోతూ టాఫ్ నెమ్మదిగా ఒక్క మాట అంటుంది: అతను అబద్ధం చెప్తున్నాడు.

నేను "బాగయిపోతానన్నాడు" దగ్గర ఆపేశాను.

పాప నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, టాఫ్ ఏమో అనింది. నువ్వు చెప్పలేదు."

"ఏం లేదు, పోదాం పదండి అనింది."

"కాదు. కింద ఇంగ్లీషులో పడింది. ఎల్, వై, ఐ, ఎన్, జీ. లయింగ్."

తెర కింద అక్షరాలు పడుతున్నాయన్న సంగతి నాకు గుర్తే లేదు. దానికి ఇంగ్లీషు నేర్పిందే నేను. అబద్ధం అనే మాట అది నా దగ్గరే నేర్చుకుని, నా అబద్ధాన్నే పట్టుకుంది. టీవీ ఆపేశాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత అది అడిగింది, "ఇంకా ఏమేం చెప్పకుండా విడిచిపెట్టినావు?"

చెప్పాను. గ్యాట్సో ముసలితనంతో పోలేదు, చంపేశారు, ఆ టోపీలు చంపడానికి వచ్చినవాళ్లవి. జూకోని కాల్చింది వాళ్ల నాన్న. నేను చెప్తుంటే అది ఏడవలేదు. రెండోదానికి మాత్రం, "అందుకేనా వాడు ఇంటికి పోవాలని ఏడుస్తాడు, పోయేకి భయపడతాడు? నాకు ఇన్ని రోజులు ఆడికాడికి అర్థమే కాలేదు" అంది. అప్పుడు తెలిసింది నాకు, నేను ఏం చేశానో. ఆ పిల్లోడి కథలో వెన్నెముక తీసేసి, ఎందుకు నిలబడటంలేదని అది తికమకపడుతుంటే చూస్తూ ఉన్నాను. ముప్పై ఎపిసోడ్లు పైగా అది సగం కథే చూసింది.

మామని అడిగాను, మరి మీరు ఆంగ్ చెప్పిన అబద్ధం మంచిదన్నారు కదా అని. ఆయన కొంచెంసేపు ఊరుకుని, "కత్తులు పట్టుకున్నోళ్లకి చెప్పింది అది. పాప కత్తి పట్టుకున్యాదా?" అన్నారు.

ఆ రాత్రి నుంచి ఒక నియమం. ఏదీ విడిచిపెట్టను. తెలియని మాటొస్తే ఆపి ఆలోచించి చెప్తాను. భయమేస్తే పాప ఆపమంటుంది, నేనుగా ఆపను. దాంతో పని చాలా కష్టమైంది. మెత్తగా చెప్పడం కంటే ఉన్నది ఉన్నట్టు చెప్పడానికే తెలుగు ఎక్కువ కావాల్సి వచ్చింది.

రెండు ఎపిసోడ్ల తర్వాత గురువు పథిక్ వస్తాడు, ఆంగ్‌కి ఏడు చక్రాలు తెరవడం నేర్పడానికి. ఒక్కో చక్రాన్ని ఒక్కోటి మూసేస్తుందట. భయం, అపరాధభావం, సిగ్గు, దుఃఖం అని వరసగా చెప్తాడు. గొంతు దగ్గరి చక్రాన్ని మూసేది అబద్ధం, మనకి మనం చెప్పుకునేది. "విశుద్ధం అంటారు దాన్ని" అని మామ చెప్పారు. పాప నా గొంతు మీద వేలు పెట్టి చూసింది.

మూడో భాగంలో భయపెట్టేది హామా కథ. కటారా ఊరిదే ముసలామె, అగ్ని రాజ్యం జైల్లో ఏళ్ల తరబడి ఉండి తప్పించుకుంది. చుట్టూ ఉన్న గాలిలోంచి, పూలల్లోంచి నీళ్లు లాగడం కటారాకి నేర్పిస్తుంది. ఎర్రటి పూల తోటలో నిలబడి చెయ్యి తిప్పితే నీళ్లన్నీ బయటికొస్తాయి, పూలు నల్లగా మాడిపోతాయి. అది చూసి కటారా బాధపడుతుంది. మామ కుర్చీలో ముందుకి వంగారు. "బోర్లు" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆయన చేన్లో ఆరు బోర్లు వేశారు. చివరిది వెయ్యి అడుగులు పోయింది, తడి దుమ్ము కూడా రాలేదు. చీనీ చెట్లు ఆ ఏడే ఎండిపోయాయి. తర్వాత హామా మనుషుల ఒంట్లోని రక్తాన్నే ఆడిస్తుంది. ఆమెని ఆపడానికి కటారా కూడా ఆ విద్యే వాడాల్సి వస్తుంది, గెలిచి ఏడుస్తుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ రాత్రి పాప నా పక్కనే పడుకుంది, నా చెయ్యి వదల్లేదు. తెల్లారి మాత్రం హామా మంచిదా చెడ్డదా అని మామతో టిఫిన్ అయ్యేదాకా వాదించింది. ఉగ్గాని చల్లారిపోయింది.

కటారా తన తల్లిని చంపినవాణ్ణి వెతుక్కుంటూ పోయే ఎపిసోడ్ మూడో భాగంలో పదహారోది. ఆ ఊళ్లో నీళ్ల విద్య తెలిసినవాళ్లలో చివరివాళ్లు ఎవరో చెప్పమని సైనికుడు బెదిరిస్తాడు. ఆ చివరిది ఎనిమిదేళ్ల కటారా. తల్లి, అది నేనే, నన్ను పట్టుకుపో అంటుంది. ఆ అబద్ధానికి ఆమె ప్రాణం పోతుంది. ఆ మాట తెలుగులో చెప్తుంటే నా గొంతు పట్టేసింది. పాప నావైపు చూడకుండా, "ఈ అబద్ధం వేరే" అంది.

పెద్దయిన కటారా ఆ మనిషిని వానలో పట్టుకుంటుంది. వాన చుక్కల్ని గాలిలోనే ఆపి మంచు కత్తులు చేసి వాడి మొహం దాకా తెచ్చి ఆపేస్తుంది. చంపదు. క్షమించిందా అంటే అదీ లేదు, ఎప్పటికీ క్షమించను అంటుంది. మామ ఆ ముక్క మళ్లీ పెట్టించుకున్నారు. రెండోసారి అయ్యాక, "మా చినాయన కొడుకు ఇట్లే చేసినాడు. కొడవలి ఎత్తినోడు దించినాడు. క్షమించినాడని ఊరంతా అనుకునింది. వాడు చచ్చేదాకా ఆ వీధిలోకి పోలేదు" అన్నారు. ఆ రాత్రి మిద్దె మీద పడకేసుకుని, పాప ఆయన్ని ఆ చినాయన పేరేంటి, ఎట్లుంటాడు, ఏం పంట పెట్టేవాడు అని అడుగుతూ ఉంటే, ఆయన ఒక్కటీ దాచకుండా చెప్తూ ఉంటే వింటూ నిద్రపోయాను.

చివరి నాలుగు భాగాలు శనివారం కోసం దాచాం, మా ఆయన కూడా ఉండాలని. ఆంగ్ అగ్ని రాజుని చంపకుండా వాడి విద్యని తీసేస్తాడు. మామకి అది నచ్చింది, మా ఆయనకి నచ్చలేదు, నాకు ఇప్పటికీ ఎటూ తేలలేదు. మధ్యలో వచ్చారు కాబట్టి మా ఆయనకి ఎవరు ఎవరో తెలియదు. మరుసటి ఆదివారం పొద్దున్నే పాప ఆయన్ని టీవీ ముందు కూర్చోబెట్టింది. మొదటి ఎపిసోడ్ పెట్టలేదు. చెరువు కింద స్థావరం ఎపిసోడ్ వెతికి పెట్టింది. నన్ను వంటింట్లోకి పొమ్మంది, తనే తెలుగులో చెప్పింది. జెట్ పడిపోయిన చోట టీవీ ఆపి, "నాన్నా, ఇప్పుడు వాడొక మాట అంటాడు. దాని వెనకాలే టాఫ్ ఇంకో మాట అంటుంది, చిన్నగా. అది విను" అని చెప్పి, మళ్లీ నొక్కింది.